అల్జీమర్స్‌కి కొత్త మందు వచ్చిందట కదా, దాని కోసం ఆగొచ్చా?

మీ నాన్నగారికి 68 ఏళ్లు, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, అమెరికాలో వచ్చిన కొత్త మందు ఇక్కడ చవకయ్యాక డాక్టర్‌కి చూపిద్దామా అని అడిగారు. ఆగకండి. ఆ మందు పనిచేసేదే జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకి. ఆలస్యం చేస్తే రేపు చవకయినా మీకు ఉపయోగం ఉండదు.

మాది చిత్తూరు. మా అమ్మ ఏళ్ల తరబడి వీధికంతా చీటీలు నడిపింది. ఎవరు ఎంతకు పాడారో, ఎవరికి ఎంత రావాలో పుస్తకం తెరవకుండానే చెప్పేది. అలాంటిది ఒక నెల, అప్పటికే చీటీ ఎత్తేసిన ఆవిడకే మళ్లీ డబ్బు లెక్కపెట్టి ఇవ్వబోయింది. నాకు గుండె జారిపోయింది. మా అన్న మాత్రం డెబ్బై దాటితే ఆ మాత్రం మతిమరుపు ఉండదా అని కొట్టిపారేశాడు.

తర్వాత గాజుల గొడవ. బంగారు గాజులు కనపడలేదు, పనిచేసే ఆమే తీసింది అంది అమ్మ. ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో అంట్లు తోముతున్న మనిషి. ఆమె పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే, చుట్టాలందరూ మాన్పించెయ్యమని సలహాలు. ఇల్లంతా వెతికితే రవ్వ డబ్బా అడుగున దొరికాయి. పాత జాకెట్ గుడ్డలో మూట కట్టి ఉన్నాయి. వాటితోపాటు బ్యాంకు పాస్‌బుక్కు, టీవీ రిమోట్ బ్యాటరీలు, ఎండిపోయిన తమలపాకు ఒకటి. తీసి చేతిలో పెడితే అమ్మ ఏమందో తెలుసా? "చూస్తివా, దొరికిపోతానని ఈడ పెట్టేసి పోయుండాది."

అమ్మ అబద్ధమాడలేదు. కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం బాగుండాలి. ఈ జబ్బులో ముందుగా దెబ్బతినే వాటిలో అదొకటి. గాజులు దాచిన సంగతి అమ్మకి గుర్తు లేదు, బీరువాలో చూస్తే గాజులు లేవు. ఇంకేం అనుకుంటుంది? ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ అల్జీమర్ 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూసిన ఆగస్టె డెటర్ అనే రోగి కూడా ఇంట్లో వస్తువులు అటూ ఇటూ మోసుకెళ్లి దాచేది. ఆమెలో మొదట కనిపించిన లక్షణమే భర్త మీద అనుమానం. ఇది 1907లోనే అచ్చయిన సంగతి. అయినా ఇప్పటికీ ఎన్ని ఇళ్లలో పనివాళ్లు ఈ జబ్బు వల్ల దొంగలనిపించుకుంటున్నారో తలుచుకుంటే కడుపు మండుతుంది. మేం ఆమెను మాన్పించలేదు. బంగారం నా దగ్గరికి తెచ్చుకుని, అమ్మకి రోల్డ్‌గోల్డ్ గాజులు వేశాను.

న్యూరాలజిస్ట్ (మెదడు, నరాల డాక్టర్) గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటే, అమ్మ అంకెలన్నీ కుడిపక్కనే ఇరికించేసింది. తొలి దశ దాటిపోయిందన్నారు. డోనెపెజిల్ రాశారు. 1996 నుంచి ఉన్న మందే. కొంత నిలకడ ఇస్తుంది, జబ్బును ఆపదు.

ఇక మీరడిగిన కొత్త మందు లెకానెమాబ్ అయ్యుంటుంది. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2023 జులైలో పూర్తి అనుమతి ఇచ్చింది. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను తొలగిస్తుంది. 18 నెలల ట్రయల్‌లో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించిందని గొప్పగా చెప్తారు. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద ఆ తేడా 0.45 పాయింట్లేనని మాత్రం చెప్పరు. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఎంఆర్‌ఐలు తీస్తూ ఉండాలి. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు.

మా అమ్మకి తెలుగుతో పాటు అరవం కూడా ధారాళంగా వచ్చు. జబ్బు డెబ్బై దాటేదాకా ఆగింది అందుకేనని నా గట్టి నమ్మకం. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయట, చదువు రానివాళ్లలో కూడా. మన దగ్గర జరిగిన ఇంత మంచి పని గురించి మాట్లాడేవాళ్లే లేరు. వాట్సాప్‌లో మాత్రం కొబ్బరినూనె తాగితే నయమైపోతుందని రోజూ ఫార్వర్డ్‌లు! వినికిడి సంగతీ అంతే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకి దారితీస్తాయని చెప్పిన 14 ముప్పుల్లో వినికిడి తగ్గడం ఒకటి. కళ్లజోడుకు లేని నామోషీ చెవి మెషిన్‌కు ఎందుకో నాకు అర్థం కాదు.

మీ నాన్నగారిని ఈ వారమే తీసుకెళ్లండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేయించండి. వాటిలో తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది, దానికి మందులున్నాయి. డబ్బు లెక్కల్లో, తెలిసిన దారుల్లో, రోజూ చేసే పనుల్లో ఆయన ఎక్కడ తడబడ్డారో తేదీలతో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆయన ముందు చదవకుండా నేరుగా డాక్టర్ చేతికివ్వండి.