వెండి గని కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ అందింది. రాత్రి చదివాను, పొద్దున్న టీ తాగుతూ మళ్లీ చదివాను. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి జావర్ గని మీద మన సిక్కోలు కుర్రాడు కథ రాయడం బాగుంది, నేనేమీ వద్దనను. కాకపోతే మూడో పేజీలో నీ హీరో గనిలోకి దిగి టార్చి వేయగానే గోడల నిండా వెండి తళతళా మెరిసిందన్నావే, అక్కడే నాకు నీ మీద నమ్మకం పోయింది.

జావర్‌లో వెండి వెండిలా కనపడదు. గెలీనా అనే సీసపు ఖనిజంలో కలిసిపోయి ఉంటుంది. బూడిద రంగు రాయి, కొత్తగా పగిలిన చోట మెరుస్తుంది, పగిలితే చిన్న చిన్న పెట్టెల్లా చదరంగా విడిపోతుంది. బరువు మాత్రం అబ్బో! నిమ్మకాయంత ముక్క పావుకిలో పైనే తూగుతుంది. అందులోంచి ముందు సీసం తీయాలి, ఆ సీసాన్ని ఎముకల బూడిదతో చేసిన మూసలో పెట్టి గాలి ఊదుతూ కాలిస్తే, సీసం గాలితో కలిసి మారిపోయి ఆ బూడిదలోకి ఇంకిపోతుంది, అడుగున ఓ వెండి బొట్టు మిగులుతుంది. టన్ను ఖనిజానికి గ్రాముల లెక్క అది. పూటంతా సీసం పొగ పీల్చినవాడికి కళ్లెదుట కనపడేది ఆ బొట్టే. నీ హీరో ఏమో గోనెసంచి నింపుకుని వచ్చేశాడు!

నవ్వుతున్నానని అనుకోకు, ఇంతకన్నా పెద్ద తప్పు నేను చేశాను. కొత్తలో గరివిడి మాంగనీసు గనుల మీద ఓ కథ రాసి, అక్కడికి వెళ్లకుండానే 'ఎర్రటి మాంగనీసు ధూళి' అని పెట్టాను. పత్రికలో అచ్చయింది కూడా. తర్వాతెప్పుడో ఆ వైపు వెళ్లినప్పుడు రాయి కొట్టే ఓ ముసలామెకి గొప్పగా చదివి వినిపిస్తే, "ఏటి బాబూ, మాంగనీసు ఎర్రగుంటాదేటి? ఇటు సూడు" అని అరచేతులు చాపింది. మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి, గీతల్లోకి కూడా దిగిపోయింది ఆ నలుపు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన విజయనగరం జిల్లాలోనే, 1892లో, కోడూరు గనిలో. ఆ ఊరి పేరుతో కోడురైట్ అని ఒక రాయే ఉంది. ఇవన్నీ నాకు తెలుసు, కథలో పెట్టాను కూడా. రంగు మాత్రం తెలీదు.

సరే, నీ గనికి వద్దాం. ఆ కొండల్లో ఖనిజం పుట్టి సుమారు 170 కోట్ల ఏళ్లు. ఒక్కసారి చెప్పి వదిలెయ్, నువ్వు 'కోట్ల సంవత్సరాల నాటి' అని ఐదుసార్లు రాశావు. దానికి బదులు మనుషులు లోపలికి ఎలా దిగారో చెప్పు. మందుగుండు లేదు కదా, రాతి గోడకి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు, వేడికి రాయి పగుళ్లు ఇస్తే పనిముట్లతో రాల్చేవారు. అక్కడ దొరికిన పాత కట్టెలకి వయసు కడితే రెండు వేల ఏళ్లు దాటింది. వెండి సంగతికొస్తే, మహారాణా లాఖా కాలంలో, అంటే 14వ శతాబ్దం చివర్లో బయటపడిందని మేవాడ్ చరిత్రలో చెబుతారు.

కానీ నన్నడిగితే జావర్ అసలు కథ వెండిది కాదు, జింక్‌ది. జింక్‌తో చిక్కేమిటంటే ఖనిజాన్ని కాల్చి లోహం తీసే వేడికి అది ఆవిరైపోతుంది, ఆ ఆవిరికి గాలి తగిలిందా, మళ్లీ తెల్లటి బూడిదే. అందుకని జావర్ పనివాళ్లు మట్టితో వంకాయ ఆకారంలో మూసలు చేశారు. కాల్చిన ఖనిజం, బొగ్గు కలిపి ఉండలు చేసి అందులో కూరి, మూతి దగ్గర నుంచి ఓ పుల్ల గుచ్చేవారు. మూసని బోర్లిస్తే సరుకు జారిపోకుండా ఆ పుల్ల ఆపుతుంది, మంట అందుకోగానే కాలిపోయి, ఆవిరి కిందికి దిగడానికి తనే దారి వదులుతుంది. ఎంత తెలివి చూడు! కొలిమికి 36 మూసలు, కింద చల్లటి గదిలో జింక్ చుక్కలు చుక్కలుగా గడ్డకట్టేది. యూరప్‌లో ఈ పనికి విలియం ఛాంపియన్ అనే ఇంగ్లీషువాడు పేటెంట్ తీసుకున్నది వీళ్ల తర్వాత ఎప్పుడో, 1738లో. వాడేసిన మూసలు ఇప్పటికీ అక్కడ గుట్టలుగా ఉన్నాయి, వాటినే ఇటుకల్లా పేర్చి ఇళ్ల గోడలు కట్టుకున్నారు. నీ కథలో ఆ గోడ ఏది?

ఇంకో మాట. ఇత్తడి అంటే రాగిలో జింక్ కలపడమే కదా. మీ ఊరికి బుడితి ఎంత దూరం? ఓ ఆదివారం ఇత్తడి పనివాళ్ల దగ్గర కూర్చో. నోట్‌బుక్ తీయకు, నోట్‌బుక్ చూస్తే జనం పుస్తకంలా మాట్లాడతారు. మూస ఎప్పుడు దించాలో వాళ్లకెలా తెలుస్తుందో అడుగు. మంట రంగు చూసి చెబుతారో, వాసన చూసి చెబుతారో, ఆ మాట వాళ్ల నోట ఎలా వస్తే అలాగే రాసుకో. నీ కొలిమివాడు ఇప్పుడు టీవీ వార్తల్లా మాట్లాడుతున్నాడు.

చివర్లో హీరోయిన్ ఏడుపు తీసెయ్. రెండో ప్రతి పంపేటప్పుడు కాస్త మార్జిన్ వదులు, రాయడానికి నాకు చోటే దొరకలేదు.

ఉంటాను,
మీ అన్నయ్య, విజయనగరం