గేదె ఏ కాలు ముందు వేస్తుంది?

"మా బాబుకి ఎనిమిదేళ్లు. యానిమేషన్ వీడియోలు చూపిస్తే సైన్స్ మీద ఆసక్తి పెరుగుతుందా? ఏ ఛానెల్ మంచిది?" అని అడిగారు.

ఛానెల్ పేరు నేను చెప్పను. బాబు చేతే ఓ చిన్న యానిమేషన్ చేయించండి. గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. చూసిన బొమ్మ కన్నా గీసిన బొమ్మే పిల్లల్లో ప్రశ్నలు పుట్టిస్తుందని ఎవరితోనైనా వాదిస్తాను.

ఒకసారి ఎనిమిదో తరగతికి ఫ్లిప్‌బుక్ పని ఇచ్చాను. పాత నోట్సుల్లో మిగిలిన తెల్లకాగితాలను అరచేయంత ముక్కలు కోసి, ఒక పక్క పిన్ను కొట్టి, ఒక్కో కాగితం మీద బొమ్మను కాస్త కాస్త జరుపుతూ గీయాలి. బొటనవేలితో కాగితాలు చరచరా వదిలితే బొమ్మ కదులుతుంది. చాలామంది ఎగిరే బంతి గీశారు. వెనక బెంచీ కుర్రాడొకడు నడిచే గేదెను గీశాడు. పక్క వరసలో అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "సార్, గేదె ఇట్టా నడవదు సార్, వీడు గెంతిస్తున్నాడు" అంది. వాళ్లింట్లో పాడి ఉంది. "అయితే ఎట్టా నడుస్తదో నువ్వు చెప్పు" అన్నాడు వాడు.

ఆ పిల్ల నోరు తెరిచి ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచీ గేదెల మధ్యే పెరిగింది గానీ ఏ కాలు తర్వాత ఏ కాలు పడుతుందో చెప్పలేకపోయింది. ఇంకేముంది, క్లాసంతా రెండు పార్టీలైంది. ముందు కాలు మొదట లేస్తుందా, వెనక కాలా? ఒకే పక్క కాళ్లు వరసగా కదులుతాయా, ఐమూలగా ఉన్నవి కదులుతాయా? ఇద్దరు మగపిల్లలైతే బల్లల మధ్య చేతులూ మోకాళ్ల మీద పాకి మరీ చూపించారు. పక్క క్లాసు మాస్టారు వచ్చి ఏం జరుగుతోందని అడిగారు.

నాకు జవాబు తెలుసు, చెప్పలేదు. బడి వదిలాక అందరం గోడ పక్కన నిలబడ్డాం, గేదెలు చెరువు నుంచి ఇళ్లకు మళ్లే వేళకి. ఒకడు కాళ్ల పేర్లు అరుస్తుంటే ఇంకొకరు రాసుకున్నారు. నా ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి మళ్లీ మళ్లీ చూశారు. ఎడమ వెనక కాలు, దాని వెంటే ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనక కాలు, చివరికి కుడి ముందు కాలు. బాగా నెమ్మదిగా నడిచేటప్పుడు ఎక్కువసేపు ఒక్క కాలే గాల్లో ఉంటుంది, మిగతా మూడూ ముక్కాలి పీటలా ఒంటిని మోస్తాయి. అది కూడా వాళ్లే కనిపెట్టారు. మేకా ఇంతేనా సార్, కుక్క? మరి పరిగెత్తేటప్పుడో? ఈ ప్రశ్నలు ఏ పుస్తకం చివరా లేవు.

అప్పుడు చెప్పాను మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ కథ. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో 12 కెమెరాలు వరసగా పెట్టి పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడాయన. అంతకు ముందు చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకీ వెనక్కీ కాళ్లు చాపి గాల్లో ఉన్నట్టు గీసేవాళ్లు. గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల విడిచే మాట నిజమే, కానీ అది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు అని ఆ ఫోటోలు తేల్చాయి. గోడ పక్క నిలబడి కాళ్లు లెక్కపెట్టిన పిల్లలకు ఆ ఫోటోలు చూపిస్తే ఎట్లా మీద పడి చూశారో మీరు చూడాల్సింది. ఇదే కథ మొదటి రోజు చెప్పి ఉంటే నోట్సులో రాసుకుని మూసేసేవాళ్లు.

ఇక మీరు చూపించాలనుకునే వీడియోల సంగతి. ఒక కంపెనీ మా బడికి ఇచ్చిన పాఠాల్లో గుండెకు కళ్లు, చిరునవ్వు పెట్టారు. గుండె కింది గదులను జఠరికలంటారు. ఎడమ జఠరిక గోడ, కుడి జఠరిక గోడ ఒకే మందంలో గీశారు! కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు రక్తం పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ పంపాలి, అందుకే దాని గోడ అంత మందం. గుండె పాఠంలో పిల్లాడు ఆగి ఆలోచించాల్సిన చోటు అదే, దాన్నే చెరిపేశారు. పైగా వెనక డప్పుల మోత, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే గొంతు. ప్రశ్న పుట్టక ముందే జవాబు వచ్చేస్తే పిల్లాడికి మిగిలేది ఏముంది? అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చే అలవాటు గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు లాగేసుకోవడం చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

చూసే వాటిలో నేను ఒప్పుకునేవి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002 నుంచి చేస్తున్న ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద పిల్లలే చేసి చూసే ప్రయోగాలు. ఉచితం. బ్యాటరీ మార్చి, వైరు కలిపి, బల్బు ఎందుకు వెలగలేదో పిల్లాడే వెతుక్కుంటాడు.

మీ బాబుతో ఇలా మొదలుపెట్టండి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే ఒకదాని వెంట ఒకటి తెర మీద పడే 24 కదలని బొమ్మలు. కార్టూన్లు తీసేవాళ్లు చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడి సెకనుకి 12 బొమ్మలతో సరిపెడతారు. ఫ్లిప్‌బుక్‌కి ఇరవై, ముప్పై కాగితాలు చాలు. అది అయ్యాక గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గాజుకి ఆనించి నానిన పెసలు ఉంచండి. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద కదలకుండా టేపు వేసి పెట్టి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకో ఫోటో తీయమనండి. వెలుతురు మారితే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది, కాబట్టి కిటికీ తెర వేసి లైటు వేయండి. ఫోటోలను వరసగా నడిపించే స్టాప్ మోషన్ యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. వేరు కాస్త పొడవయ్యాక గ్లాసును పక్కకు పడుకోబెట్టి, ఇప్పుడది ఎటు పెరుగుతుందో ముందే బొమ్మ గీయమనండి. మీరు మాత్రం జవాబు చెప్పకండి, గూగుల్ కూడా చేయనివ్వకండి. రెండు రోజుల తర్వాత వాడి బొమ్మనూ ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూసుకోమనండి.