ఫ్రెండ్స్‌ని కలవాలంటే బిల్లు గుర్తొచ్చి భయమేస్తోంది

ప్రశ్న: మాది రాజమండ్రి. నాలుగేళ్ల కిందట కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి వచ్చాం. నా వయసు 34. ఒక పాప, ఆరేళ్లు. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. నాది ఆయన మీద ఆధారపడి వచ్చిన హెచ్-4 వీసా, వర్క్ పర్మిట్ లేదు. ఇండియాలో బ్యాంకులో పనిచేసేదాన్ని. డబుల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌కి నెలకి 3,200 డాలర్ల అద్దె. మామగారి అప్పు తీర్చడానికి నెలనెలా ఇంటికి పంపాలి. ఇక్కడ ఏడెనిమిది తెలుగు కుటుంబాలతో స్నేహం. పిల్లల బర్త్‌డేలు, రెస్టారెంట్లు, లాంగ్ వీకెండ్ వస్తే లేక్ టాహోలో క్యాబిన్లు. గత దసరా నుంచి మావారు "ఇక చాలు, ఎవరింటికీ వెళ్లొద్దు" అన్నారు. పాపకి జ్వరమనో, ఆయనకి ఆఫీస్ కాల్ ఉందనో చెప్పి తప్పించుకుంటున్నాను. ఒకసారి ఒక ఫ్రెండ్ అది నిజమే అనుకుని మిరియాల చారు కాచి తెచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. గ్రూపులో వాళ్ల ఫొటోలు చూస్తే ఏడుపొస్తుంది. నేను కార్డు గీకితే ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది, కాఫీ కొనుక్కోవాలన్నా చేయి రాదు. పగలు నిద్ర, రాత్రి మెలకువ. స్నేహితులు కావాలనుకోవడం నా తప్పా? ఇండియా వెళ్లిపోదామంటే ఆయన కోప్పడుతున్నారు.

జవాబు: అమ్మా, తప్పు కానే కాదు. అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు ఎవరూ దగ్గర లేని ఊళ్లో నలుగురు మనుషులు కావాలనుకోవడం ఆకలి వేయడం లాంటిదే. దానికి మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ మిరియాల చారు. మీకు అది సిగ్గుగా గుర్తుండిపోయింది. నాకు మాత్రం, తన ఇంటి పని, పిల్లల పని మధ్యలో మీ పాప కోసం చారు కాచి గిన్నెలో పోసుకుని మీ గుమ్మం దాకా వచ్చిన మనిషి కనిపిస్తోంది. ఆవిడ మిమ్మల్ని రెస్టారెంటుకి రమ్మనలేదు. మీనుంచి ఏ బిల్లూ పంచుకోలేదు. మీకు స్నేహితులు లేకుండా పోలేదు, కనీసం ఒకరు ఉన్నారు. ఆవిడ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు డబ్బు గురించి, ఎందుకంటే మీవారి లెక్క తప్పేమీ కాదు. డాలర్లలో జీతమంటే మన ఊళ్లో వాళ్లకి ఏదో మిగిలిపోతున్నట్టు అనిపిస్తుంది. 2018లోనే శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్ మతేయో, మరిన్ కౌంటీల్లో నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 1,17,400 డాలర్ల దాకా ఆదాయం ఉన్నా దాన్ని "తక్కువ ఆదాయం" కిందే లెక్కగట్టింది అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ. మీరుండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) నీళ్లకి ఇవతలి ఒడ్డున కాబట్టి కాస్త తేడా ఉండొచ్చు గానీ అద్దె మాత్రం మీరే చెప్పారు. ఇక రెస్టారెంట్ సంగతి. మెనూలో వంద డాలర్లని చూసి తింటారు, పది శాతం పైన సేల్స్ టాక్స్, పద్ధెనిమిదో ఇరవయ్యో శాతం టిప్ కలిసి లేచేసరికి దాదాపు 130. అలా నెలకి మూడుసార్లు, ఒక బర్త్‌డే గిఫ్టు, ఒక టాహో ట్రిప్పు అయితే మీ మామగారికి పంపాల్సిన డబ్బు అక్కడే కరిగిపోతుంది. ఆయన పిసినారి కారు, ఆయన్ని అలా అనుకోకండి.

మరి మిగతా వాళ్లకి ఎలా సాగుతోంది? ఈ ప్రశ్న మీరు రాయలేదు గానీ మీ ఉత్తరమంతా అదే ఉంది. బే ఏరియాలో ఒకే కంపెనీ, ఒకే హోదా, పక్కపక్క ఇళ్లు అయినా చేతిలో మిగిలేది ఒకేలా ఉండదు. 2012 ప్రాంతంలో ఇల్లు కొనుక్కున్న వాళ్ల లెక్క వేరు. 1978లో వచ్చిన ప్రొపొజిషన్ 13 అనే చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో ఇల్లు చేతులు మారనంత కాలం ఇంటి పన్ను వేసే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. అందుకే వాళ్లు పాత ధర ఆధారంగానే పన్ను కడుతుంటారు. 2020, 2021ల్లో వడ్డీ మూడు శాతం దగ్గరున్నప్పుడు లోన్ మార్చుకున్న వాళ్ల నెల వాయిదా మీ అద్దె కంటే తక్కువే ఉండొచ్చు. కొందరింట్లో రెండు జీతాలు. కొందరికి కంపెనీ ఇచ్చిన స్టాక్స్. కొందరికి ఊళ్లో తీర్చాల్సిన అప్పు లేదు. వీటిలో ఏదీ వాళ్ల తెలివి కాదు, మీ చేతకానితనమూ కాదు. చాలామటుకు ఎవరు ఏ సంవత్సరం విమానం దిగారన్నదే. క్రెడిట్ కార్డు మీద నెట్టుకొస్తూ నవ్వుతూ ఫొటో దిగేవాళ్లు కూడా ఆ గుంపులో ఉండే ఉంటారు. ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్ మాత్రం ఇవేవీ చూడదు, మొత్తాన్ని ఎనిమిది సమాన భాగాలు చేసి మీ ఫోన్‌కి పంపేస్తుంది. తాగని వైన్‌కీ, ఎక్కని స్కీ లిఫ్టుకీ మీరు వాటా కట్టినప్పుడు పుట్టిన చిరాకే మీవారి నోట "ఎవరింటికీ వెళ్లొద్దు" అనే మాటగా వచ్చిందని నా అనుమానం.

ఆయన పొరపాటు అక్కడ జరిగింది. ఖర్చు తగ్గించాల్సింది పోయి మనుషుల్ని తెంపేశారు. ఆయనకి అది తెలియడం లేదు, ఎందుకంటే పొద్దున లేస్తే ఆయనకి ఆఫీసు ఉంది, లంచ్‌కి కొలీగ్స్ ఉన్నారు, మీటింగుల్లో మాటలున్నాయి. మీకు పాపని స్కూల్లో దించాక సాయంత్రం దాకా పలకరించే మనిషి లేదు. నెలాఖరు లెక్కలో ఇద్దరూ ఒకేలా త్యాగం చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎక్కువ వదులుకున్నది మీరు. ఈ మాట ఆయనతో మీరే చెప్పాలి, కోపంలో కాదు. కార్డు బిల్లు వచ్చిన రాత్రి, మామగారితో ఫోన్ మాట్లాడి పెట్టేసిన వెంటనే ఈ విషయం ఎత్తకండి. శనివారం పొద్దున పాప ఆటలో ఉన్నప్పుడు "మీ లెక్క నాకు అర్థమైంది, నేనూ తగ్గిస్తాను. కానీ రోజంతా నాకు మాట్లాడటానికి మనిషి లేదు, ఇలా ఉండలేకపోతున్నాను" అనండి. ఫ్రెండ్స్ ఎవరి ఊసూ ఎత్తొద్దు, పోలిక వద్దు.

ఆ తర్వాత ఆయన్ని మాట్లాడనివ్వండి. హెచ్-1బి మీద ఉన్న మనిషి ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి మామూలుగా ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 2022 చివరి నుంచి వరసగా లేఆఫ్‌లు చూస్తున్నవాళ్లు ఈ అంకెని బయటికి అనరు, రాత్రిళ్లు లోపల లెక్కపెట్టుకుంటారు. మీవారి మొండితనం వెనక ఉన్నది ఈ భయమే కావచ్చు. "ఉద్యోగం పోతే మన దగ్గర ఎన్ని నెలలకి ఉంది?" అని మీరే అడగండి. బ్యాంకులో పనిచేసిన మనిషి మీరు. ఇంటి లెక్కల ఎక్సెల్ షీట్ ఇద్దరి ముందూ తెరిచి ఉండాలి, ఆయన ఒక్కరి ల్యాప్‌టాప్‌లో కాదు.

అదే రోజు ఇంకో మాట తేల్చుకోండి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే చెబుతాను. నెలకి వందో నూటయాభయ్యో, మీ ఇంటికి తగ్గ మొత్తం, మీ పేరున్న ఖాతాలో పడాలి. దానికి ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్లకూడదు, దేనికి ఖర్చయిందన్న ప్రశ్న రాకూడదు. ఆయనకీ అంతే మొత్తం. ఒకప్పుడు సొంత జీతం తీసుకున్న మీరు నాలుగు డాలర్ల కాఫీకి వెనకాడే స్థితిలో ఏళ్ల తరబడి ఉంటే మనసు చిన్నబోతుంది. ఆయన కావాలని చేస్తున్నారని నేను అనుకోవడం లేదు, కార్డు అలర్ట్ ఎప్పుడో పెట్టుకుని ఉంటారు. కానీ చెప్పాక కూడా ఒప్పుకోకపోతే, ప్రతి పైసాకీ లెక్క అడుగుతుంటే అది పొదుపు కాదు. అప్పుడు నాకు మళ్లీ రాయండి, ఆ సలహా వేరేగా ఉంటుంది.

ఇప్పుడు చారు తెచ్చిన స్నేహితురాలు. వాట్సాప్ గ్రూపులో ఏమీ ప్రకటించకండి. ఆవిడ ఒక్కరికే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "ఆ రోజు పాపకి జ్వరం లేదండీ. మాకు ఈ ఏడాది డబ్బు ఇబ్బందిగా ఉంది, చెప్పుకోలేక అలా అన్నాను. ట్రిప్పులకి, హోటళ్లకి రాలేం. మిమ్మల్ని మాత్రం కలవాలనుంది." చెప్పడం కష్టమే, ఒక్క నిమిషం గొంతు పట్టుకుంటుంది. చాలాసార్లు అవతలి నుంచి వచ్చే జవాబు "మాకూ అంతే" అని. అలా రాకపోయినా, అబద్ధాలు గుర్తుపెట్టుకోవాల్సిన బాధ మీకు తప్పుతుంది. గ్రూపులో మిగతా వాళ్లలో ఒకరిద్దరు దూరమవుతారు. దూరం కానివ్వండి.

తర్వాత కలవడానికి చోటు. మీ ఊళ్లోనే సెంట్రల్ పార్కులో లేక్ ఎలిజబెత్ ఉంది, పాపని స్కూల్లో దించి వారానికి రెండు రోజులు ఇద్దరూ ఆ చెరువు చుట్టూ నడవండి. ఆ పక్కనే స్టీవెన్‌సన్ బుల్వార్ మీద ఫ్రీమాంట్ లైబ్రరీ. దాని కార్డు మీద పుస్తకాలే కాదు, స్టేట్ పార్కుల్లోకి కారుకి ఎంట్రీ ఇచ్చే పాస్ కూడా అరువు ఇస్తున్నారేమో అడగండి, కాలిఫోర్నియాలో చాలా లైబ్రరీల్లో ఇస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో శనివారాలు బే ఏరియా వాళ్లకి మామూలు ఎంట్రీకి టికెట్ లేదు. పాపని ఆదివారమో శనివారమో తెలుగు బడిలో వేయగలిగితే ఫీజు ఉన్నా నేను ఆలోచించమనే అంటాను, ఎందుకంటే పిల్లలు అక్షరాలు దిద్దే గంటన్నరలో తల్లులు బయట కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. టాహో క్యాబిన్‌లో కుదరని మాటలు అక్కడ కుదురుతాయి.

మీ ఇంటికి పిలవడం మానేశారని కూడా అర్థమైంది. డిన్నర్‌కి పిలిస్తే నాలుగు కూరలు, ఒక బిర్యానీ, స్వీటు, పిల్లలకి పాస్తా అవుతుంది. సాయంత్రం నాలుగింటికి టీకి పిలవండి. పెసరట్టు, అల్లం పచ్చడి చాలు. కార్పెట్ మీద దుప్పటి పరిచి కూర్చుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. పాప పుట్టినరోజుకి హాలు, జంపింగ్ ప్లేసు వద్దు. పార్కులో ఒక పిక్నిక్ టేబుల్, తన క్లాసులో నలుగురైదుగురు పిల్లలు, ఇంట్లో చేసిన కేకు. ఆహ్వానంలో "గిఫ్టులు వద్దు" అని రాయడం అమెరికాలో మామూలే. రిటర్న్ గిఫ్టుల బెడద కూడా తప్పుతుంది. ఇంకొకరి పుట్టినరోజుకి వెళ్తే ఒక కథల పుస్తకం తీసుకెళ్లండి, వాళ్లు గ్రూపుగా గిఫ్ట్ కార్డు కొంటుంటే "మేం వేరుగా ఇస్తాం" అనండి చాలు.

పాప విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. తనకి జ్వరం లేదని తనకి తెలుసు. అమ్మ ఫోన్లో జ్వరమని చెప్పడం ఆ పిల్ల వింటోంది. ఎందుకు వెళ్లడం లేదని అడిగితే "ఆ పార్టీలకి చాలా డబ్బవుతుంది, ఇప్పుడు మనం తాతగారికి పంపిస్తున్నాం" అని చెప్పండి. ఆరేళ్ల పిల్లలకి ఇది అర్థమవుతుంది. తన వల్లే అమ్మ ఎక్కడికీ వెళ్లడం లేదని అనుకుంటే మాత్రం తట్టుకోలేరు.

మీ వర్క్ పర్మిట్ గురించి కూడా మీవారిని అడగండి. ఆయన గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఐ-140 (ఆయన కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే, 2015 నుంచి ఉన్న నిబంధన కింద హెచ్-4 వాళ్లు పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. అది ఏ దశలో ఉందో ఆయన ఆఫీసులో కనుక్కోవాలి. ఈలోగా ఇంట్లో పిల్లల్ని చూసుకోవడమో, కర్రీ పాయింటులా వంటలు అమ్మడమో చేయమని, క్యాష్ తీసుకుంటే ఎవరికీ తెలియదని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ వీసా చిక్కుల్లో పడుతుంది. చదువుకోవడానికి హెచ్-4 అడ్డు కాదు, అడల్ట్ స్కూల్, కమ్యూనిటీ కాలేజీ కోర్సులు చూడండి.

పగలు నిద్ర, రాత్రి మెలకువ, కన్నీళ్లు అని రాశారు. ఇవి ఎన్నో వారాలుగా ఉంటే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం. మీవారి ఇన్సూరెన్స్‌లో మీరూ ఉంటారు కాబట్టి ముందు మీ ప్రైమరీ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి, నిద్ర సంగతితోనే మొదలుపెట్టండి. ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే 988కి ఫోన్ చేయండి. అమెరికాలో ఎక్కడి నుంచైనా, ఏ సమయంలోనైనా ఎత్తుతారు.

చివరిగా, ఇండియా వెళ్లిపోవడం. ఆయన కోప్పడటానికి కారణం ఉంది. మీరు ఆ మాట ఏడుస్తున్నప్పుడే అంటున్నారు, ఆయనకి అది తన మీద ఫిర్యాదులా వినిపిస్తోంది. వెళ్లడం తప్పేమీ కాదు, చాలామంది వెళ్తున్నారు, బాగానే ఉంటున్నారు. కానీ అప్పు ఎప్పటికి తీరుతుంది, ఆయనకి అక్కడ ఏ ఉద్యోగం దొరుకుతుంది, మీరు బ్యాంకు ఉద్యోగానికి మళ్లీ ప్రయత్నిస్తారా, హైదరాబాద్‌లో ఉంటారా రాజమండ్రిలోనా, ఇవన్నీ కాగితం మీద రాయాలి. హైదరాబాద్ గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లలోనూ ఈ బర్త్‌డేలు, ఈ ట్రిప్పులు ఉంటాయి, అక్కడా ఇదే లెక్క వేయాల్సి వస్తుంది. అందుకని ఒక ఆరు నెలలు ఆగండి. ముందు స్నేహితురాలికి ఫోన్ చేయండి, ఈ శనివారం మీవారితో కూర్చోండి, డాక్టర్‌ని కలవండి. నిద్ర పడుతూ, నలుగురితో మాట్లాడుతూ ఉన్నప్పుడు కూడా వెళ్లాలనే అనిపిస్తే, ఆయన వీసా రెన్యూవల్ తేదీని ముందు పెట్టుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.