ఎమ్మారై ప్రాజెక్టులో 98 శాతం వచ్చింది, ఇందులో కెరీర్ ఉందా సార్?

గజపతినగరం నించి ఒక సీఎస్‌ఈ ఫైనలియర్ తమ్ముడు అడిగాడు. ఎమ్మారై బొమ్మ చూసి బ్రెయిన్ ట్యూమర్ మెనింజియోమానా, గ్లయోమానా, పిట్యూటరీదా చెప్పే మోడల్ చేసాం సార్, 98 శాతం ఆక్యురసీ వచ్చింది, ఈ లైన్లోకి వెళ్ళొచ్చా, నాన్నేమో వైజాగ్‌లో బ్యాంక్ కోచింగ్‌కి జాయినవ్వమంటున్నారు అని.

తమ్ముడూ, లైన్ మంచిదే, ఆ 98ని చూసి మాత్రం డిసైడ్ అయిపోకు. నువ్వు వాడింది ఫిగ్‌షేర్ అనే రీసెర్చ్ డేటా సైట్‌లో దొరికే 3064 బొమ్మల డేటా అని రాసావు కదా, అవి 3064 మందివి కావు, 233 మందివి. ఒకే మనిషి తలకాయలోంచి పక్కపక్కనే తీసిన స్లైసులు అవి, నువ్వు అన్నీ కలిపేసి 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్టుకి అని విడగొడితే అదే మనిషివి కొన్ని ట్రైనింగ్‌లోకి కొన్ని టెస్టులోకి పోతాయి, ఇంకేటి, ముందురోజే పేపర్ చూసేసి పరీక్ష రాసినట్టే. ఆ బొమ్మలొచ్చే మ్యాట్‌ల్యాబ్ (.mat) ఫైల్లోనే పీఐడీ అని పేషెంట్ నంబర్ ఉంటాది, దాన్ని బట్టి విడగొట్టి మళ్ళీ రన్ చెయ్. అంకె పడొచ్చు, పడనీ.

ఇంకోటి, ఆ డేటాలో ఉన్నవి మూడే రకాలు. రేడియాలజిస్ట్, అంటే స్కాన్ చదివే డాక్టర్, ముందు చూసేది గడ్డ ఎక్కడుందని. మెదడు పైపొరకి అంటుకుని, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక మొత్తం ఒకేలా తెల్లగా వెలిగి, అంచున తోకలా సాగితే మెనింజియోమా అనుకుంటారు. కళ్ళ వెనక ఎముక గుంటలో ఉంటే పిట్యూటరీ. మెదడు లోపలే పుట్టి, మధ్యలో నల్లగా, చుట్టూ ఎగుడుదిగుడు రింగులా వెలిగితే గ్లయోబ్లాస్టోమా, అంటే గ్లయోమాల్లో ముదురు రకం, మీద డౌటు పడతారు. కానీ మనవైపు టీబీ గడ్డ కూడా రింగులానే వెలుగుతాది కదా. మా పిన్నికి ఫిట్స్ వస్తే శ్రీకాకుళంలో స్కాన్ తీయించాం, ట్యూమర్ కావచ్చు అన్నారు, పదిరోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, చివరికి టీబీ అని తేలి మందుల్తోనే కరిగిపోయింది. ఆ స్కాన్ నీ మోడల్‌కి ఇస్తే ఏం చేస్తాది? ఆ మూడింట్లో ఏదో ఒకటి అనేస్తాది, అదీ 90 శాతం నమ్మకంతో! నాలుగోది ఒకటుంటాదని దానికెవరూ చెప్పలేదు మరి.

ఇక ఉద్యోగం. రిపోర్ట్ మీద సంతకం పెట్టాలంటే ఎంబీబీఎస్ తర్వాత రేడియాలజీ పీజీ చెయ్యాలి, ఆ దారి నీది కాదు. ఆ డాక్టర్ వాడే సాఫ్ట్‌వేర్ రాసే దారి నీది, బెంగళూరులో సీమెన్స్ హెల్తినీర్స్, ఫిలిప్స్, జీఈ లాంటివి ఉన్నాయి. దానికి డైకామ్ ఫైల్ (ఆసుపత్రి స్కాన్లు దాచే ఫార్మాట్) తెరవడం, 3డీ స్లైసర్ అనే స్కాన్లు చూసే సాఫ్ట్‌వేర్ వాడటం నేర్చుకో, రెండూ ఫ్రీగానే అయిపోతాయి. బ్రాట్స్ అని బ్రెయిన్ ట్యూమర్ ఎమ్మారైల ఇంకో డేటా ఉంది, అందులో ఒక్కో పేషెంట్‌కి టీ1, కాంట్రాస్ట్ టీ1, టీ2, ఫ్లెయిర్ అని నాలుగు రకాల ఎమ్మారై బొమ్మలూ ఉంటాయి, నీ దగ్గరున్నది కాంట్రాస్ట్ టీ1 ఒక్కటే. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్‌లో 2020 నించి బయోమెడికల్ పేపర్ ఉంది, సీఎస్‌ఈ వాళ్ళని తీసుకుంటారా లేదా అన్నది మాత్రం ఆ కాలేజీ బ్రోచర్లో చూస్కో. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే నాన్నగారి మాట నేను కాదనను, బ్యాంకుకి ప్రిపేర్ అవుతూ సాయంత్రాలు ఇది చేసుకోవచ్చు.

ముందు పీఐడీ పని చూడు. ఎంతకి పడిందో నాకు రాయి, వైవాలో ఎగ్జామినర్ అడిగేలోపు ఆ అంకె నువ్వే చెప్పెయ్.