ఆయనకు భయపెట్టే సినిమా, నాకు నిదానంగా సాగే సినిమా

పెళ్లయి ఏడాదిన్నర అయిందని, మీవారికి దయ్యాల సినిమాలు, హత్యల మిస్టరీలు ఇష్టమని, మీకేమో ఇంట్లో మనుషుల మధ్య నిదానంగా నడిచే కథలు ఇష్టమని రాశారు. ఏది చూడాలో తేలేసరికి ఇద్దరికీ విసుగొచ్చి, ఎవరి ఫోనులో వాళ్లు చూసుకుంటున్నామని, ఇది మామూలేనా అని అడిగారు.

మీ ప్రశ్న చదువుతుంటే మా మొదటి మూడేళ్లు గుర్తొచ్చాయి. మా ఇంట్లోనూ సరిగ్గా ఇవే రెండు రకాలు. ఇప్పుడు పెళ్లయి పదకొండేళ్లు. ఈనాటికీ మా ఇష్టాలు మారలేదు, అయినా కలిసే చూస్తున్నాం.

మేము మొదట వంతులు పెట్టుకున్నాం. ఒక వారం ఆయన సినిమా, మరుసటి వారం నాది. అందరూ చెప్పే సలహా ఇదే. మాకు మాత్రం అస్సలు పనికిరాలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు నేను ఓర్చుకునేదాన్ని, నా వంతు వచ్చినప్పుడు ఆయన ఓర్చుకునేవారు. పక్కన కూర్చున్న మనిషి ఓర్చుకుంటున్నారన్న సంగతి చీకట్లో కూడా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఫరవాలేదనిపించే సినిమాలు వెతికాం. అవి ఇద్దరికీ గుర్తులేవు.

మార్పు ఒక రాత్రి వచ్చింది. తెర మీద ఒకామె చీకటి వరండాలో ఒక తలుపు వైపు నడుస్తోంది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని కళ్లు గట్టిగా మూసుకున్నాను, అయినా ఉలిక్కిపడ్డాను. ఆయన సినిమా ఆపి, "కళ్లు మూసుకున్నావు కదా, మరి దేనికి భయపడ్డావు?" అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అదే సన్నివేశాన్ని వెనక్కి జరిపి, శబ్దం పూర్తిగా తీసేసి మళ్లీ పెట్టారు. ఒక మనిషి నడుస్తోంది, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది, తలుపు తెరుచుకుంది. అంతే. ఈసారి శబ్దంతో పెట్టి, నా చెయ్యి పట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టారు. అడుగునుంచి ఒక సన్నని గుయ్యిమనే మోత, అది మెల్లగా పెరగడం, తలుపు దగ్గరికి రాగానే ఉన్నట్టుండి ఆగిపోవడం. ఒకటి, రెండు. ఆ తర్వాతే పెద్ద చప్పుడు. "నిశ్శబ్దం రాగానే చెవులు మూసుకో, కళ్లు తెరిచే ఉంచు" అన్నారు.

ఆ రాత్రి నాకు అర్థమైంది, ఆయన చావులు చూసి సంతోషపడటం లేదని. పనితనం చూస్తున్నారు. నేను చీర అంచు నేత చూసినట్టు ఆయన సన్నివేశం అల్లిక చూస్తారు.

ఆ తర్వాత నా సినిమాలో ఒక తల్లి ఉతికిన బట్టలు మడతపెట్టే సన్నివేశం వచ్చింది. నిమిషం పైగా అదే. ఎప్పటిలాగే "కథ ఎప్పుడు మొదలవుతుంది?" అన్నారు. "ఆమె ఏ చొక్కా మడతపెట్టకుండా పక్కన పెడుతుందో చూడండి" అన్నాను. చూశారు. ఊరు వదిలి వెళ్లిపోయిన కొడుకు చొక్కా అది. సినిమా అయ్యేదాకా ఆయన మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ముందే కథ చెప్పే విషయంలోనూ మాకు పెద్ద గొడవ ఉండేది. ఎవరు చనిపోతారో ముందే తెలిస్తే నేను స్థిమితంగా చూడగలను. చెప్పడం ఆయన దృష్టిలో ఘోరం. చివరికి ఆయనే ఉత్కంఠ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ మాటలు గుర్తుచేశారు. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో హిచ్‌కాక్ వివరించిన సంగతి ఇది: బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకులకు తెలియకపోతే అది పేలినప్పుడు 15 సెకన్ల ఆశ్చర్యమే, ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అంటే తెలిసి చూడటం కూడా చూడటమే. ఇప్పుడు నాకు ఎంత తెలియాలో అంతే చెప్తారు, హంతకుడెవరో మాత్రం చెప్పరు.

చిన్న విషయమే కానీ ఇంట్లో చాలా చిరాకులు దీనివల్లే: శబ్దం. 5.1 పద్ధతిలో, అంటే చుట్టూ ఐదు స్పీకర్లు, లోతైన మోతలకు ఇంకొకటి ఉంటాయనుకుని కూర్చిన సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరులోంచి వస్తాయి. సంగీతం, చప్పుళ్లు మిగతావాటికి కూడా పంచుతారు. మామూలు టీవీలో ఉండే రెండు చిన్న స్పీకర్లలోకి అన్నీ ఇరుక్కునేసరికి మాటలు వినబడవు. వినబడటం లేదని పెంచుతాం, వెంటనే పేలుడు చెవులు బద్దలు కొడుతుంది. చాలా టీవీల్లో మాటలను స్పష్టం చేసే అమరిక, రాత్రివేళ పెద్ద శబ్దాలను అణిచే అమరిక ఉంటాయి. అవి వెతికి పెట్టుకోండి. నా భయం సగం దానితోనే తగ్గింది.

అన్నిటికంటే ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. నా సినిమాలు బోరు అని ఆయన లేచి వెళ్లిపోయేవారు, మంచినీళ్లనో, ఫోననో. చాలాకాలం అది నిర్లక్ష్యమనుకుని మనసులో కుమిలిపోయాను. నాలుగో ఏడు కాబోలు, ఒకరోజు గమనించాను: ప్రతిసారీ ఆసుపత్రి మంచం తెర మీదికి వచ్చినప్పుడే లేస్తున్నారు. మా అత్తగారి చివరి పంతొమ్మిది రోజులూ ఆయన అలాంటి మంచం పక్కనే కూర్చున్నారు. దయ్యాలకు బెదరని మనిషి దానికి తట్టుకోలేరు. అప్పటినుంచి నేనే ముందు ఒంటరిగా చూసి, అలాంటిది ఉంటే చెప్తాను. ఉంటే కలిసి చూడం. మీవారు దేనికైనా "నచ్చదు" అన్నప్పుడు అది విసుగో, అలసటో, లేక లోపలి నొప్పో మెల్లగా కనుక్కోండి. మీకు చూడలేని హింస ఉంటే మీరూ చెప్పండి. దాన్ని అలవాటు చేసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

సినిమా తర్వాత మాట్లాడుకోవడం మాత్రం వదలకండి. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 174 కొత్త జంటలను మూడేళ్లు పరిశీలించారు. 2014లో అది వార్తల్లోకి వచ్చింది. కొన్ని జంటలకు దాంపత్యం మీద తీసిన సినిమాలు నెలలో ఐదు చూసి, ఒక్కోదాని గురించి మాట్లాడుకోమని చెప్పారు. మూడేళ్లకు వాళ్లలో విడిపోయినవారు 11 శాతం, ఏ శిక్షణా లేనివారిలో 24 శాతం. మేము ఆ మాట్లాడుకోవడాన్నే తీసుకున్నాం. దీపం వేయకుండా, అలాగే పడుకుని మాట్లాడుకుంటాం.

వేరుగా చూసుకోవడం తప్పేమీ కాదు. మేమూ నెలకు ఒకటి రెండు అలా చూస్తాం. కానీ మీరు బాధతో రాశారు, అందుకే చెప్తున్నాను. ఈ వారం పూర్తి సినిమా జోలికి వెళ్లకండి. ఆయనకు ప్రాణమైన ఒకే ఒక్క సన్నివేశం, పది నిమిషాలది, పెట్టమనండి. అందులో ఆయన ఏమి చూస్తారో చెప్పమనండి. ఆయన చెప్పడం అయ్యాక మీది పెట్టండి.