పంపు పెట్టుకుని రెండు వారాలే అయింది, సెట్టింగులు నేనే మార్చుకోవచ్చా?

గాజువాక నుంచి మీరు అడిగింది ఇదీ: టైప్ 1 డయాబెటిస్ వచ్చి తొమ్మిదేళ్లు, ఇన్సులిన్ పంపు పెట్టుకుని రెండు వారాలు. నిద్ర లేచేసరికి షుగర్ 210, 220 ఉంటోంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా 60లలోకి పడిపోతోంది. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లడానికి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా ఏ సెట్టింగ్ మార్చాలి, ఎంత మార్చాలి, అసలు మనం ముట్టుకోవచ్చా అని.

నాకు టైప్ 1 వచ్చి ఇరవై రెండేళ్లయింది. పంపు పెట్టుకుని ఆరేళ్లు. సీతమ్మధారలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. డాక్టర్ని కాను. కింద రాసే అంకెలు నా ఒంటికి సరిపోయినవి, వాటిని మీ పంపులో పెట్టుకోవద్దు. పద్ధతి మాత్రం పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు చేయాల్సింది, మూడు వారాలు ఆగకుండా రేపు పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేయడం. రోజూ 60లలోకి పడటం అపాయింట్‌మెంట్ దాకా దాచుకునే విషయం కాదు. షుగర్ పడిపోవడం (లో) ఒకవైపు, ఎక్కిపోవడం (హై) ఒకవైపు ఉన్నప్పుడు ముందు ఆపాల్సింది లో. ఫోన్‌లో ఇంకొకటి కూడా అడగండి: "బేసల్ నేను సొంతంగా ఎంతవరకు మార్చుకోవచ్చు?" బేసల్ అంటే పంపు రోజంతా కొద్దికొద్దిగా వదిలే ఇన్సులిన్. మా డాక్టర్ గారు నాకు మొదట్లో ఇచ్చిన అనుమతి ఇంతే. ఒకసారికి ఒక టైమ్ స్లాట్, 10 శాతం దాటకుండా, మార్చాక మూడు రోజులు చూడాలి, చూసింది మెసేజ్ పెట్టాలి. ఆ గీత ఎక్కడుందో తెలిశాక నాకు సగం టెన్షన్ పోయింది.

ఇక మీ సమస్య సంగతి. మీరు రెండు సమస్యలని రాశారు. నాకు మాత్రం రెండూ ఒకే దారానికి ఉన్న రెండు కొసల్లా కనిపిస్తున్నాయి. పొద్దున 220 ఉంటే పంపులోని కాలిక్యులేటర్ టిఫిన్ బోలస్‌కి (తిండికి వేసుకునే డోసుకి) కరెక్షన్ (ఎక్కువున్న షుగర్‌ని దించే డోసు) కలిపి చూపిస్తుంది. ఆ ఇన్సులిన్ నాలుగైదు గంటలు ఒంట్లో పని చేస్తూనే ఉంటుంది. అది పూర్తిగా అయిపోకముందే భోజనం, దానికి ఇంకో బోలస్. పొద్దున 120తో లేస్తే ఆ కరెక్షన్ అవసరమే ఉండదు, మధ్యాహ్నం లో కూడా కొంత దానంతట అదే సర్దుకోవచ్చు. అందుకే రాత్రి నుంచి మొదలుపెట్టమంటాను.

నేను మొదట్లో చేసిన పొరపాటు చెబుతాను. పెన్ను వాడే రోజుల్లో నాకు రోజుకి మొత్తం 36 యూనిట్లు పట్టేది. పంపుకి మారేటప్పుడు డాక్టర్ 30కి తగ్గించి, అందులో సగం బేసల్‌గా పెట్టారు. అంటే గంటకి 0.60 దాకా, రోజంతా ఒకే రేటు. పొద్దున లేస్తే 200 పైన. "బేసల్ తక్కువైంది" అనుకుని ఎవరినీ అడక్కుండా రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా మొత్తం 0.80 చేసేశాను. రెండో రాత్రి రెండున్నరకి మా ఆయన నన్ను లేపారు. దిండు తడిసిపోయి ఉంది, మాట తడబడుతోంది. మీటర్‌లో 52. గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూస్తే 81. ఆ గ్లాసు పట్టుకోవడానికి నా చేతులు సహకరించలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ తర్వాతే డాక్టర్ గారు రాత్రి బేసల్ పరీక్ష ఎలా చేయాలో చెప్పారు. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించాలి. నూనె, నెయ్యి ఎక్కువ లేని మామూలు తిండి. ఆ తర్వాత ఏమీ తినకూడదు, కరెక్షన్ ఇవ్వకూడదు. భోజనం బోలస్ ప్రభావం పోవడానికి నాలుగు గంటలు వదిలేసి పన్నెండుకి, మూడుకి, ఆరుకి షుగర్ చూసుకోవాలి. మధ్యలో 70 కంటే తగ్గితే తినేయాలి, 250 దాటితే కరెక్షన్ ఇవ్వాలి, ఆ రాత్రికి పరీక్ష అక్కడితో ఆపేయాలి. మొదటి నుంచి చివరికి తేడా 30 లోపు ఉంటే బేసల్ సరిగ్గా ఉన్నట్టే.

నాకు వచ్చిన అంకెలు: పన్నెండుకి 128, మూడుకి 119, ఆరుకి 196. మూడు రాత్రులు దాదాపు ఇలాగే. అంటే మూడింటి దాకా 0.60 సరిగ్గానే ఉంది. తెల్లవారుజామున శరీరం గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ విడుదల చేస్తుంది, దాంతో కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. దీన్ని డాన్ ఫినామినన్ అంటారు. నాకు ఇన్సులిన్ కావాల్సింది ఆ కొద్ది గంటలే. నేను రాత్రంతా పెంచేశాను, అందుకే రెండున్నరకి పడిపోయాను.

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది, కొత్తవాళ్లు చాలామంది దీని దగ్గరే తడబడతారు. షుగర్ మూడింటికి ఎక్కుతుంటే మూడింటికి రేటు పెంచితే లాభం లేదు. చర్మం కింద బొట్టుబొట్టుగా పడే ఇన్సులిన్ పని అందుకోవడానికి గంట పైనే పడుతుంది. ఒకటి, రెండు గంటల ముందే పెంచాలి. నేను రెండు నుంచి ఆరు దాకా 0.65 పెట్టాను, మూడు రోజుల తర్వాత 0.70, అలా మెల్లగా 0.80 దాకా వెళ్లాను. రెండు వారాలు పట్టింది. 0.20 కోసం రెండు వారాలా అనిపిస్తుంది కానీ ఆ రెండు వారాల్లో ఒక్క రాత్రి కూడా లో అవ్వలేదు.

మీకు కూడా ఇదే అయి ఉండాలని లేదు. రాత్రి రెండింటికి లో అయి, అది తెలియకుండా నిద్రపోయి, పొద్దున షుగర్ ఎక్కువ చూపించేవాళ్లు ఉన్నారు. రాత్రి పదకొండుకి నాలుగు బిస్కెట్లు తిని మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. మూడింటి అంకె చూడకుండా పెంచాలో తగ్గించాలో ఎవరూ చెప్పలేరు.

పగటి బేసల్ కూడా ఇలాగే ఒక పూట భోజనం మానేసి చూడాలి. నేను కార్తీక సోమవారాలకి పెట్టుకున్నాను. ఉపవాసం అత్తయ్య ఎలాగూ ఉంటారు, నేను కూడా ఆమెతో పాటు మధ్యాహ్నం భోజనం మానేసి రెండు గంటలకోసారి వేలు గుచ్చుకుని చూసుకున్నాను. పంపు ఉన్నవాళ్లకి ఒక పూట తినకపోయినా బేసల్ సరిగ్గా ఉంటే షుగర్ పడకూడదు. నాకు 118 నుంచి 104కి వచ్చి ఆగింది. ఇది కూడా డాక్టర్‌ని అడిగాకే చేయండి, రోజూ లో అవుతున్న ఈ వారంలో మాత్రం వద్దు.

ఇప్పుడు మీ మధ్యాహ్నం లో సంగతి. కార్బ్ రేషియోని (ఒక యూనిట్ ఇన్సులిన్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి, అంటే కార్బ్‌కి, సరిపోతుందనే లెక్కని) తప్పు పట్టే ముందు మీ గిన్నెని తూకం వేయండి. ఇది నిజంగా చెబుతున్నాను. ఒక కప్పు అన్నం అంటే 45 గ్రాముల కార్బ్ అని నాకు చార్ట్‌లో ఇచ్చారు. మా ఇంట్లో నేను కొలిచే స్టీలు గిన్నెని వంటింటి తూకం మీద పెడితే అందులో పట్టేది 120 గ్రాముల అన్నమే. వండిన తెల్లన్నం 100 గ్రాములకి కార్బ్ 28 గ్రాముల దాకా ఉంటుంది. అంటే గిన్నెకి 34 మాత్రమే. రెండు గిన్నెలు తిని పంపులో 90 అని కొట్టేదాన్ని, నిజంగా తిన్నది 67. తేడా 23 గ్రాములు. నా రేషియో 15 గ్రాములకి ఒక యూనిట్, అంటే ఒకటిన్నర యూనిట్ ఎక్కువ. ఒక యూనిట్ నాకు షుగర్‌ని 60 తగ్గిస్తుంది. లెక్క వేయండి, 90 పాయింట్లు. సెట్టింగ్ ఏమీ తప్పు కాదు, గిన్నె తప్పు.

తూకం సరిచేశాక కూడా భోజనం తర్వాత నాలుగు గంటలకి మూడు రోజులు వరసగా పడిపోతుంటే అప్పుడు రేషియో చూడాలి. మొదటి అంచనాకి డాక్టర్లు 500ని రోజు మొత్తం యూనిట్లతో భాగిస్తారు, కరెక్షన్ ఫ్యాక్టర్‌కి (ఒక యూనిట్ షుగర్‌ని ఎంత తగ్గిస్తుందనే లెక్కకి) 1800ని భాగిస్తారు. నాకు 30 యూనిట్లు కాబట్టి 17, 60 వచ్చాయి. అవి మొదలుపెట్టడానికి మాత్రమే. ఇప్పుడు నాకు టిఫిన్‌కి 10, మధ్యాహ్నం 15, రాత్రి 14. ఇడ్లీ పొద్దున తింటే ఒక లెక్క, రాత్రి తింటే ఇంకో లెక్క.

యాక్టివ్ ఇన్సులిన్ టైమ్ అనే సెట్టింగ్ మీ పంపులో ఎంత ఉందో ఒకసారి చూడండి. అది రెండు గంటలని ఉంటే, రెండు గంటల తర్వాత పాత బోలస్ అయిపోయిందనుకుని పంపు కొత్త కరెక్షన్ వేసుకోమని చూపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పేరుకుపోతుంది. నాది నాలుగు గంటలు. మీ లో మధ్యాహ్నం రెండింటికి అవుతోందంటే డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాల్సిన సెట్టింగ్ ఇది. ఆటోమేటిక్‌గా నడిచే పంపులైతే ఈ లెక్క వేరుగా ఉంటుంది, మీ మోడల్ చెప్పి అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు రాస్తున్నాను, దయచేసి దీన్ని దాటేయకండి. పంపులో లాంగ్ యాక్టింగ్ (చాలా గంటలు పనిచేసే) ఇన్సులిన్ ఉండదు. ట్యూబ్ మూసుకుపోయినా, కాన్యులా (చర్మం కింద ఉండే సన్నటి గొట్టం) వంగినా కొన్ని గంటల్లోనే ఒంట్లో ఇన్సులిన్ లేకుండా పోతుంది, కీటోన్లు (ఇన్సులిన్ లేక శరీరం కొవ్వు కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) మొదలవుతాయి. రెండో నెలలో, మే నెల ఎండల్లో, నాకు మధ్యాహ్నం 290 చూపించింది. పంపుతో కరెక్షన్ ఇచ్చాను. గంటన్నరకి 340. మళ్లీ ఇచ్చాను. సాయంత్రానికి వాంతులు. సెట్టింగులే తప్పని పంపు ముందేసుకుని కరెక్షన్ ఫ్యాక్టర్ మారుస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక, పొట్ట మీద సెట్ (కాన్యులా, ట్యూబ్ ఉన్న భాగం) పీకి చూస్తే ఆ సన్నటి ప్లాస్టిక్ గొట్టం మధ్యకి మడిచినట్టు వంగి ఉంది. చుడీదార్ అంచుకి ఫినాయిల్‌లాంటి వాసన. అది ఇన్సులిన్ వాసన. ఇచ్చిన బోలస్‌లన్నీ బట్టకే వెళ్లాయి.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. కారణం తెలియకుండా 250 దాటితే కీటోన్ స్ట్రిప్‌తో చూస్తాను. ఒకసారి పంపు కరెక్షన్ ఇచ్చి గంటన్నర, రెండు గంటల్లో దిగకపోయినా, కీటోన్లు కనిపించినా, తర్వాతి డోసు పెన్నుతో వేసుకుంటాను, కొత్త సెట్, కొత్త ఇన్సులిన్, కొత్త చోటు. వాంతులు మొదలైతే ఇంట్లో ఉండను. పెన్ను, సూదులు హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఉంటాయి. మీ బ్యాగ్‌లో ఉన్నాయా?

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఉక్కపోతకి చెమట పట్టి ప్లాస్టర్ అంచులు లేస్తాయి, కాన్యులా కొంచెం బయటికి జరుగుతుంది. స్నానం చేశాక చర్మం పూర్తిగా ఆరనిచ్చి, ఫ్యాన్ కింద కూర్చుని పెట్టుకోండి, పైన ఇంకో టేప్ వేయండి. ఆర్‌కే బీచ్‌లో ఎండలో కూర్చుంటే రిజర్వాయర్‌లోని ఇన్సులిన్ వేడెక్కి పని తగ్గుతుంది, చున్నీ నీడలో పెట్టుకోండి. సెట్ ఖరీదు చూసి రెండు, మూడు రోజులు వాడాల్సింది ఐదు రోజులు లాగాలనిపిస్తుంది. నేనూ లాగాను. నాలుగో రోజు నుంచి షుగర్ ఎక్కుతుంది, ఆ చోట గట్టిపడుతుంది, మనం మళ్లీ బేసల్ పెంచుతాం. ఆ డబ్బు ఇంకెక్కడైనా మిగుల్చుకోండి.

నడకకి టెంపరరీ బేసల్ వాడండి. సింహాచలం మెట్లెక్కే రోజు నేను గంటన్నర ముందే సగానికి తగ్గిస్తాను, దిగాక కూడా రెండు గంటలు అలాగే ఉంచుతాను. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకి ఈ అలవాటు కుదిరిన రెండేళ్లకి గానీ వెళ్లలేదు. తొలిపావంచా (కొండ కింద మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టేముందే తగ్గించుకుని, గంటకోసారి చూసుకుంటూ నడిచాను. ఆ రాత్రి పడుకునే ముందు కూడా బేసల్ 20 శాతం తగ్గించాను, ఎందుకంటే అంత నడిచాక తెల్లవారేదాకా షుగర్ పడే అవకాశం ఉంటుంది.

నెలసరికి మూడు, నాలుగు రోజుల ముందు నా బేసల్ పెరుగుతుంది, మొదలవగానే తగ్గుతుంది. దానికి పంపులో వేరే ప్యాటర్న్ పెట్టుకున్నాను. మీ రెండు వారాల అంకెలు ఆ రోజుల్లోవా కాదా అన్నది కూడా రాసి పెట్టుకోండి, లేకపోతే ఆ రోజులకి పెంచింది మిగతా నెలంతా షుగర్ పడిపోవడానికి దారి తీస్తుంది.

రేపు ఫోన్ అయ్యాక, డాక్టర్ సరేనంటే మూడు రాత్రులు అలారం పెట్టుకోండి. కొత్త సెట్ వేసిన రాత్రి కాకుండా మర్నాటి నుంచి మొదలుపెట్టండి. గ్లూకోజ్ మంచం పక్కనే ఉంచుకోండి, ఇంట్లో వాళ్లకి ఒకరికి చెప్పి పడుకోండమ్మా. పన్నెండు, మూడు, ఆరు గంటల అంకెలు, భోజనం టైమ్, బోలస్ యూనిట్లు, సెట్ వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి డాక్టర్‌కి పంపండి. ఇక్కడ కూడా పెడితే చూస్తాను.