తాగే చెరువులో గుర్రపు డెక్క: మందు కొట్టొచ్చా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలువ నీళ్లు పెట్టుకుని ఎండాకాలమంతా తాగే చెరువు మాది. సంక్రాంతికి ముందు ప్రొక్లెయినర్ పెట్టి గుర్రపు డెక్కంతా తీయించారు. శివరాత్రి దాటేసరికి సగం చెరువు మళ్లీ పచ్చబడింది. ఇంకోసారి తీయించడానికి డబ్బుల్లేవు, కలుపు మందు కొట్టిద్దామంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. కొట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దు చెల్లెమ్మా. అవి బిందెతో ముంచుకుని తాగే నీళ్లు, వాటిలో విషం కలపొద్దు. మందుకి మాడిన డెక్క అడుక్కి దిగి కుళ్లుతుంది. ఆ కుళ్లు నీళ్లలోని ప్రాణవాయువుని తినేస్తే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పైగా ఆ కుళ్లే మళ్లీ పుట్టే మొక్కలకి ఎరువు.

తీసిన డెక్కని ఎక్కడ పోశారో మీరు రాయలేదు. గట్టు లోపలి వాలు మీదే పోసుంటారని నా అనుమానం. నేను కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరిన కొత్తలో మేమూ అదే చేశాం. రెండు రోజులు కూలీలతో లాగించి అంచునే కుప్పలు పెట్టించాం. నాలుగో రోజు వాన పడి కుప్పలు జారి కాలువలో పడ్డాయి. పైపైన ఎండినా లోపలి మొక్కలన్నీ ప్రాణంతోనే ఉన్నాయి. నడుము లోతు నీళ్లలో నిలబడి లాగిన ఆ మనుషుల కష్టం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఒక మొక్కని చేత్తో పీకి చూడండి. ఆకు కాడ ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది, గోటితో చీలిస్తే లోపలంతా స్పాంజి. అందుకే తేలుతుంది. కింద నల్లటి వేళ్లు, తడిసిన కోడి ఈకల్లా. పక్కకి ఒక తీగ పోయి, దాని చివర చిన్న పిలక ఉంటుంది. తీగ తెగినా పిలక బతికేస్తుంది. ప్రొక్లెయినర్ బకెట్‌లోంచి జారిపోయేవి ఇవే. నీళ్లలో బలముంటే రెండు వారాల్లో రెట్టింపవుతాయి. వంద మిగిలాయనుకోండి, నెలన్నరకి 800, మూడు నెలలకి 6,000 దాటతాయి. మీ చెరువులో జరిగింది అదే.

కాబట్టి ఖర్చంతా మొదటి రోజే పెట్టేయకండి. పైరగాలికి డెక్కంతా ఉత్తరపు గట్టుకి చేరుతుంది. సాయంత్రం అలా చేరినప్పుడే ఖాళీ నూనె డబ్బాలు కట్టిన నైలాన్ తాడుని చెరువుకి అడ్డంగా లాగి కట్టండి, మళ్లీ విడిపోదు. పొద్దున్నే గట్టు మీద నిలబడి, కొక్కెం కట్టిన వెదురు గడలతో లాగొచ్చు. లోతుకి దిగాల్సొస్తే ఈత వచ్చినవాళ్లే, అదీ నడుముకి తాడు కట్టుకుని. వేళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి.

లాగినదాన్ని గట్టు అవతలి వైపు పోయండి. పది కిలోల డెక్కలో తొమ్మిది కిలోలకి పైగా నీరే. బాగా ఎండనిచ్చి ట్రాక్టరెక్కిస్తే ట్రిప్పులు చాలా తగ్గుతాయి. పేడతో కలిపి కుళ్లబెడితే కంపోస్టు అవుతుంది. మురుగు కలిసే చెరువైతే మాత్రం ఆ ఎరువు ఆకుకూరలకి వేయొద్దు, పూలమొక్కలకి వేసుకోండి.

దాన్ని తినే ముక్కు పురుగులున్నాయని ఎవరైనా చెప్తారు. నిజమే, 1980ల్లో బెంగళూరు చెరువుల్లో వదిలారు, పనిచేశాయి. కానీ వాటికి ఏళ్లు పడుతుంది. మీకు ఈ వేసవి గడవాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది తర్వాతి పని. చెరువు శుభ్రమయ్యాక వారానికోసారి తెప్ప మీద ఇద్దరు మనుషులు అంచులన్నీ తిరిగి, జమ్ము సందుల్లో దాక్కున్న పిలకల్ని ఏరాలి. గంట పని. ఆ కూలి ముందే పక్కన పెట్టండి, డ్వాక్రా గ్రూపులు వంతులేసుకున్నా సరే. ఊదారంగు పూత కనపడితే ఆ రోజే పీకేయండి. గింజ బురదలో పడిందంటే 20 ఏళ్ల తర్వాత కూడా మొలవగలదు.

ఊరి సైడు కాలువ చెరువులో కలుస్తుంటే దారి మళ్లించండి, గేదెల్ని అందులో కడగనివ్వకండి. డెక్కకి బలం ఆ మురుగే. కాలువ తూముకి ఏటవాలుగా ఇనుప జాలీ పెట్టించండి. నిలువుగా పెడితే డెక్క అడ్డుపడి నీళ్లు రావు, విసుగొచ్చి ఎవరో ఒకరు జాలీ ఎత్తేస్తారు. చెరువుకి నీళ్లు పెట్టే రోజుల్లో పొద్దున, సాయంత్రం దాన్ని శుభ్రం చేసే మనిషెవరో ఇప్పుడే మాట్లాడుకోండి.